సినిమా అయిపోయాక మైకు ఎవరి చేతికి వెళ్తోంది?

న్యూయార్క్‌లోని హార్లెంలో, లెనాక్స్ అవెన్యూ మీద మేజల్స్ అనే చిన్న డాక్యుమెంటరీ సినిమా హాలు ఉంది. 2009లో అక్కడ 'కాంగో ఇన్ హార్లెం' పేరుతో ఒక సినిమా పండగ మొదలైంది. ఫ్రెండ్స్ ఆఫ్ ది కాంగో అనే సంస్థతో కలిసి పెట్టిన ఈ పండగలో సినిమా వేస్తారు, అది అయ్యాక చర్చ ఉంటుంది, ఒక్కోసారి పాటా, చిత్రాల ప్రదర్శనా ఉంటాయి. వింటే, ఇందులో ఏముంది అనిపిస్తుంది. కానీ కోట్లు పోసి నడిపే పెద్ద పెద్ద ఫెస్టివల్స్ కూడా చేయని పని ఒకటి ఈ చిన్న హాల్లో జరిగింది, దాని గురించే ఈ వ్యాసం.

కాంగో ఫొటోలను లోకానికి చూపించడం కొత్తేమీ కాదు. 1885 నుంచి 1908 దాకా ఆ దేశం బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ సొంత ఆస్తిగా ఉండటం, రబ్బరు కోసం అక్కడ జరిగిన ఘోరాలు చాలామందికి తెలిసినవే. 1904లో ఆలిస్ సీలీ హారిస్ అనే బ్రిటిష్ మిషనరీ ఒక ఫొటో తీసింది. న్సాలా అనే తండ్రి వరండా అంచున కూర్చుని ఉంటాడు. ఎదురుగా నేల మీద తన ఐదేళ్ల కూతురి తెగిపోయిన చెయ్యి, పాదం. అతను వాటినే చూస్తుంటాడు, కెమెరా వైపు చూడడు. బ్రిటన్‌లో, అమెరికాలో ఇలాంటి ఫొటోలను లాంతరు స్లయిడ్లుగా తెర మీద వేసి సభలు పెట్టారు, జనం విరగబడి వచ్చారు, ఆ ఒత్తిడి కూడా పనిచేసి చివరికి లియోపోల్డ్ కాంగోను వదులుకోక తప్పలేదు. ఆ ఫొటో చేసిన మేలు తక్కువేం కాదు. కానీ ఆ సభల్లో తెర మీద ఉన్నది కాంగో మనిషి, తెర పక్కన నిలబడి మాట్లాడింది మిషనరీ. న్సాలా ఏమనుకున్నాడో అతని నోటి వెంట విన్నవాళ్లు ఆ హాళ్లలో లేరు.

నూట ఇరవై ఏళ్లు దాటినా ఆ ఏర్పాటు పెద్దగా మారలేదు. స్వచ్ఛంద సంస్థల వీడియోల్లోనూ, టీవీ చానెళ్ల ప్రత్యేక కథనాల్లోనూ ఏడ్చేది కాంగో వాళ్లు, వివరించేది ఇంకెవరో. ప్రపంచంలో తవ్వే కోబాల్ట్‌లో 70 శాతం దాకా అక్కడిదే, మన ఫోన్ల బ్యాటరీల్లోకీ అది వస్తుంది. ఆ కోబాల్ట్ ఎలా ముడి సరుకుగా బయటికి పోయి వేరే దేశంలో విలువ కట్టించుకుంటుందో, కాంగో బాధ కూడా అలాగే ముడిగా ఎగుమతి అవుతోంది. దానికి అర్థం కట్టే పని, పేరు తెచ్చుకునే పని బయటివాళ్ల దగ్గర జరుగుతాయి. హార్లెం పండగ ఈ వరసని తిరగేసింది. సినిమా అయ్యాక లైట్లు వేసి కాంగో మనుషులకు మైకు ఇస్తుంది, వాళ్ల ఎన్నికల గురించి, గనుల గురించి, పొరుగు దేశాల సైన్యాల గురించి వాళ్లనే మాట్లాడనిస్తుంది. నా దృష్టిలో అసలు పండగ అక్కడే మొదలవుతుంది.

హార్లెంలోనే ఎందుకు అంటే, అది నల్లజాతి అమెరికన్ల పేట, కాంగోతో వాళ్ల బంధం చాలా పాతది. జార్జ్ వాషింగ్టన్ విలియమ్స్ అనే నల్లజాతి అమెరికన్ చరిత్రకారుడు 1890లోనే కాంగో వెళ్లి, కళ్లారా చూసి, లియోపోల్డ్ పేర బహిరంగ లేఖ రాశాడు. ఇక స్వతంత్ర కాంగో తొలి ప్రధాని పాట్రిస్ లుముంబాను 1961 జనవరి 17న చంపేశారు. ఆ సంగతి బయటపడ్డాక ఫిబ్రవరి 15న, ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో అమెరికా ప్రతినిధి మాట్లాడుతుండగా నల్లజాతి ఆడవాళ్లు, మగవాళ్లు సందర్శకుల గ్యాలరీలో లేచి నిలబడి సభను ఆపేశారు. రచయిత్రి మాయా ఏంజెలో, గాయని ఆబీ లింకన్ వాళ్లలో ఉన్నారు. కవులూ గాయకులూ వెళ్లి భద్రతా మండలిని అడ్డుకున్న ఊరు అది. అలాంటి చోట కాంగో సినిమా వేసి రాజకీయం మాట్లాడొద్దంటే ఎలా?

అయినా అనేవాళ్లు ఉన్నారు. సినిమా పండగను సభగా మార్చేస్తే కళ వెనక్కి పోతుందనీ, కాంగో అంటే ఎప్పుడూ యుద్ధం, శవాలేనా, ఆ ఆట, పాట, సోకు, నవ్వు చూపించరా అనీ అడుగుతారు. రెండో మాటలో న్యాయం ఉంది. కాంగోను కన్నీళ్లకే కుదించడం కూడా అవమానమే. కానీ దానికి మందు రాజకీయాన్ని తీసేయడం మాత్రం కాదు.

ఎందుకంటే అక్కడ పాటని రాజకీయం నుంచి విడదీయడం కుదరదు. 1960 జనవరిలో స్వాతంత్ర్యం ఎప్పుడివ్వాలో తేల్చడానికి బ్రస్సెల్స్‌లో రౌండ్ టేబుల్ సమావేశం జరిగింది. ఆ సందర్భంగా జోసెఫ్ కబసెలే తన ఆఫ్రికన్ జాజ్ బృందంతో అక్కడికి వెళ్లి 'ఇండిపెండెన్స్ చా చా' పాట కట్టాడు. కాలు ఆగనివ్వని పాట అది. అందులో ఉన్నవేంటో చూడండి: రౌండ్ టేబుల్, పార్టీల పేర్లు, నాయకుల పేర్లు. జూన్ 30న స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఆఫ్రికా అంతా ఆ పాట పాడుకుంటోంది. ఈ పాట కోవకు చెందిన కాంగో రుంబా సంగీతాన్ని 2021లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది, సంతోషం, కానీ ఆ పాటలో పార్టీల పేర్లు వదిలేసి తాళం మాత్రం వింటే సగం పాటే విన్నట్టు.

సినిమాల్లోనూ ఇదే వరస. దియుదో హమాదీ అనే కాంగో దర్శకుడి 'డౌన్‌స్ట్రీమ్ టు కిన్షాసా' 2020 కాన్ సినిమా పండగ అధికారిక ఎంపికలో చోటు దక్కించుకుంది. 2000 జూన్‌లో ఉగాండా, రువాండా సైన్యాలు పరాయి దేశపు నగరమైన కిసంగానీలో ఆరు రోజులు కొట్టుకున్నాయి. ఆ పోరులో కాళ్లూ చేతులూ పోయినవాళ్లు తమకు రావాల్సిన పరిహారం కోసం ఏళ్ల తరబడి తిరిగారు. ఎవరూ పట్టించుకోకపోతే కాంగో నది మీద దాదాపు 1,700 కిలోమీటర్లు పడవలో రాజధాని కిన్షాసాకు బయలుదేరారు. కిక్కిరిసిన పడవ, వానొస్తే నెత్తిన టార్పాలిన్, దాని కింద ఊతకర్రలతో, కృత్రిమ కాళ్లతో మనుషులు, ఆ ఇరుకులోనే వంటలూ పోట్లాటలూ నవ్వులూ. మధ్యమధ్యలో వాళ్లే నటించిన నాటకం వస్తుంటుంది, వాళ్ల కథే. పార్లమెంటు దగ్గరికి వెళ్తే లోపలికి రానివ్వరు. ఇది కళా, రాజకీయమా? 2022 ఫిబ్రవరిలో అంతర్జాతీయ న్యాయస్థానం ఉగాండా 32.5 కోట్ల డాలర్లు చెల్లించాలని తీర్పిచ్చింది. ఈ తీర్పు గురించి, ఆ డబ్బు ఎవరికి చేరుతుందన్న దాని గురించి మాట్లాడకుండా ఈ సినిమా చూసి "ఫొటోగ్రఫీ బాగుంది" అని లేచి వెళ్లిపోతే, పడవలో అంత దూరం వచ్చినవాళ్లని మనం కూడా గేటు దగ్గరే ఆపేసినట్టు.

ఇక్కడ మన సంగతి చెప్పకుండా ఉండలేను. హడ్సన్ నదికి అవతలి ఒడ్డున న్యూజెర్సీలో ఎన్ని వేల తెలుగు కుటుంబాలున్నాయో తెలిసిందే. మన సభలు కూడా సంస్కృతి పేరుతోనే జరుగుతాయి. హీరోలు వస్తారు, డాన్సులు, విందు, సెల్ఫీలు. 'బండెనక బండి కట్టి' పాడితే జనం ఊగిపోతారు. నిజాం మీద, దొరల మీద ప్రాణాలకు తెగించిన రైతుల పాట అది, తర్వాత 'మా భూమి' సినిమాలో గద్దర్ గొంతులో మళ్లీ ఊరూరా వినిపించింది. మరి ఆ స్టేజీ మీద 1946 నాటి తెలంగాణ పల్లెల గురించి ఒక్క అరగంట మాట్లాడనిస్తారా? కారంచేడు, చుండూరు పేర్లు ఎత్తితే హాల్లో టెన్షన్, "పండగ పూట ఇవన్నీ ఎందుకండీ" అంటారు. మన పిల్లలకు కూచిపూడి నేర్పిస్తున్నాం, మంచిదే. వాళ్ల తాతల కాలంలో ఊళ్లో ఎవరు ఎవరి బావిలో నీళ్లు తోడుకోగలిగేవారో మాత్రం చెప్పం. గొడవ ఎందుకని చరిత్రను దాచిపెట్టే సంస్కృతి మనకెందుకు? కాంగో వాళ్లు తమ దేశంలో యుద్ధం ఆగకముందే, 2025 జనవరిలో గోమా నగరం ఎం23 తిరుగుబాటుదారుల చేతికి పోయిన తర్వాత కూడా, తమ గొడవను తామే చెప్పుకోవాలంటున్నారు.

పైగా కాంగో మనకు సంబంధం లేని దేశం కాదు. 1960లో ఐరాస తరఫున అక్కడ ప్రత్యేక ప్రతినిధిగా ఉన్నది మన దౌత్యవేత్త రాజేశ్వర్ దయాళ్. గనుల సంపద ఉన్న కటాంగా ప్రాంతం బెల్జియన్ కంపెనీ అండతో విడిపోతానంటే, దాన్ని అణచడానికి వెళ్లిన ఐరాస దళాల్లో మన బ్రిగేడ్ ఉంది. 1961 డిసెంబర్ 5న కటాంగా ముఖ్యపట్టణం ఎలిజబెత్‌విల్‌లో కెప్టెన్ గుర్బచన్ సింగ్ సలారియా ప్రాణాలిచ్చి పరమవీర చక్ర పొందాడు. సలారియా సాహసం మనకు తెలుసు, ఆ యుద్ధం ఏ గనుల కోసమో తెలియదు.

అందుకే న్యూజెర్సీ సభల వాళ్లకు నా సూచన ఒకటే. వచ్చే ఏడాది సభల్లో ఒక్క సాయంత్రం హార్లెంలోని కాంగో మిత్రులను పిలవండి, వాళ్ల సినిమా ఒకటి వేయండి. సలారియా గురించి మనవాళ్లెవరైనా మాట్లాడండి. ఆ డిసెంబర్‌లో ఎలిజబెత్‌విల్ వీధుల్లో, ఇళ్లలో ఏం జరిగిందో వాళ్లని చెప్పనివ్వండి.