యెహోయాదా చనిపోయాక యోవాషు ఏం చేశాడు?

సండే స్కూల్లో పదకొండు, పన్నెండేళ్ల పిల్లలకు రాజుల కథలు చెప్పమంటే మనలో చాలామందిమి చేసేది ఒకటే. బోర్డు మీద నిలువుగా ఒక గీత గీసి మంచి రాజుల్ని ఇటు, చెడ్డ రాజుల్ని అటు రాస్తాం. దావీదు, హిజ్కియా, యోషీయా ఒక వైపు, అహాబు, మనష్షే ఇంకో వైపు. దేవుని మాట విన్నవాళ్లు బాగుపడ్డారు, విననివాళ్లు చెడిపోయారు, కాబట్టి మీరూ వినండి, ఇంట్లో అమ్మానాన్నల మాట కూడా వినండి అని చెప్పి ప్రార్థనతో ముగిస్తాం. నేనూ కొన్నేళ్లు ఇలాగే చెప్పాను. ఈ పద్ధతి మానేయాలని ఇప్పుడు గట్టిగా అనుకుంటున్నాను. నా మనసు మార్చింది యూదా రాజు యోవాషు కథ.

యోవాషు పసివాడిగా ఉన్నప్పుడు సొంత నాయనమ్మ అతల్యా రాజకుమారులందరినీ చంపిస్తుంటే, మేనత్త యెహోషెబ అతన్ని దొంగచాటుగా తీసుకెళ్లి ఆరేళ్లపాటు దేవుని మందిరంలో దాచింది. ఆమె భర్త యెహోయాదా యాజకుడు, దైవభక్తి ఉన్న మనిషి, అతనే ఏడేళ్ల యోవాషుకు కిరీటం పెట్టాడు. మందిరంలో పెరిగిన పిల్లవాడు, ఇంతకంటే మంచి పెంపకం ఎవరికి దొరుకుతుంది? పెద్దయ్యాక పాడైన మందిరాన్ని బాగుచేయించాడు కూడా. మనం సాధారణంగా ఇక్కడే కథ ఆపేస్తాం. కానీ యెహోయాదా 130 ఏళ్ల వయసులో చనిపోయాక, అధిపతులు వచ్చి దండం పెట్టగానే రాజు వాళ్ల మాట విన్నాడు, జనం మళ్లీ విగ్రహాల వైపు తిరిగారు, ఇది తప్పని చెప్పిన జెకర్యాను ఆ మందిరం ఆవరణలోనే రాళ్లతో కొట్టి చంపమని రాజే ఆజ్ఞ ఇచ్చాడు. ఆ జెకర్యా ఎవరో కాదు, తనను పెంచిన యెహోయాదా కొడుకు.

ఇది చదివినప్పుడల్లా నాకు మన పిల్లలే గుర్తొస్తారు. మనం పక్కన ఉన్నంతకాలం వాక్యాలు కంఠతా చెప్తారు, ప్రార్థనకు లేస్తారు. అది మన మాట వినడమా, దేవుని మాట వినడమా? మనం లేని గదిలో స్నేహితులు నాలుగు పొగడ్తలు చెప్పి అడిగితే ఏం చేస్తారు? యోవాషు అన్నాళ్లూ విన్నది యెహోయాదా మాటేనని నా అభిప్రాయం. అందుకే "దేవునికి లోబడటం అంటే పెద్దల మాట వినడమే" అని పాఠాన్ని అక్కడితో చుట్టేయడం నాకిష్టం లేదు. పెద్దల మాట వినాలి, నిజమే, కానీ ఆ రెండూ ఒకటే అని చెప్తే మనం పక్కన లేని రోజున పిల్లల దగ్గర ఏం మిగులుతుంది?

యోషీయాను చూడండి, అంతా తలకిందులు. తండ్రి ఆమోను చెడ్డవాడు, రెండేళ్లు ఏలేసరికి సేవకులే చంపేశారు. అలా ఎనిమిదేళ్లకు రాజయ్యాడు యోషీయా. పదహారేళ్లప్పుడు తనంతట తానే దేవుణ్ణి వెతకడం మొదలుపెట్టాడు, ఇరవై ఆరేళ్లప్పుడు మందిరంలో దొరికిన ధర్మశాస్త్ర గ్రంథాన్ని చదివి వినిపిస్తే బట్టలు చింపుకున్నాడు. ఎనిమిదికీ పదహారుకీ మధ్య ఏం జరిగిందో బైబిలు చెప్పదు. మన క్లాసులో కూర్చునే పిల్లలది సరిగ్గా ఆ మధ్య వయసే, వాళ్లను తొందరపెట్టకూడదని నాకు అనిపించేది కూడా అందుకే.

ఈ వయసుకు అన్నిటికంటే దగ్గరగా ఉండేది మాత్రం ఇశ్రాయేలు మొదటి రాజు సౌలు కథ. శత్రువులైన అమాలేకీయుల పశువుల్లో ఒక్కదాన్నీ మిగల్చొద్దని దేవుడు చెప్తే మంచివి ఉంచుకుని, ప్రవక్త సమూయేలు రాగానే "దేవుని ఆజ్ఞ నెరవేర్చాను" అంటాడు. మరి ఈ గొర్రెల అరుపులేంటి అని అడిగితే, జనం తెచ్చారంటాడు, అదీ దేవుడికి బలి ఇవ్వడానికేనట. చివరికి జనానికి భయపడ్డానని ఒప్పుకుంటాడు, ఆ వెంటనే పెద్దల ముందు నా పరువు నిలబెట్టు అని అడుగుతాడు. ఒకసారి నేను వివరించడం మానేసి, ఈ నాలుగు మాటల్లో మీరు ఏది ఎక్కువ వాడతారు అని అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత ఒక్కొక్కరే చెప్పడం మొదలుపెట్టారు, ఆ రోజు విన్నన్ని నిజాలు మామూలు క్లాసుల్లో నేనెప్పుడూ వినలేదు.

ఈ వయసుకు రాళ్లతో చంపడాలూ అవీ ఎందుకు, కాస్త భయం పెడితే చాలదా అని కొందరు తల్లిదండ్రులు అంటారు. వాళ్ల టెన్షన్ నాకర్థమవుతుంది. కానీ మనష్షే రాజయ్యేసరికి వయసు పన్నెండే, సరిగ్గా మన పిల్లల ఈడు. 55 ఏళ్లు ఏలాడు, చేయకూడనివన్నీ చేశాడు. రాజుల గ్రంథం అంతవరకే చెప్తుంది. బైబిల్లోనే ఉన్న దినవృత్తాంతములు అనే మరో గ్రంథం చదివితేనే అతన్ని గొలుసులతో కట్టి బబులోనుకు తీసుకుపోయారని, అక్కడ తగ్గించుకుని ప్రార్థిస్తే దేవుడు విని మళ్లీ యెరూషలేముకు చేర్చాడని తెలుస్తుంది. భయం మాత్రమే నేర్చుకున్న పిల్ల తప్పు చేస్తే దాచుకుంటుంది. తిరిగి రావచ్చని తెలిసిన పిల్ల వస్తుంది.

బోర్డు మీద గీత గీస్తే మనష్షేను ఎటు రాస్తాం? యోవాషును ఎటు?

మన భాషలో "మాట వినడం" అంటే చెవితో వినడమూ, లోబడటమూ రెండూ. పాత నిబంధన రాసిన హెబ్రీలోనూ అంతే, రెండిటికీ ఒకటే మాట. తెలుగు పిల్లలకు ఇది చెప్తే చటుక్కున పట్టుకుంటారు.

యోషీయా 39 ఏళ్లకే మెగిద్దో దగ్గర యుద్ధంలో దెబ్బ తిని చనిపోయాడని చెప్పిన రోజు ఒక అమ్మాయి, అంత బాగా విన్నాడు కదా, మరి ఎందుకు అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు, లేదనే చెప్పాను. తర్వాతి ఆదివారం ఆ అమ్మాయి బైబిలు తెరిచి పట్టుకుని వచ్చింది, దినవృత్తాంతముల రెండో గ్రంథం, 35వ అధ్యాయం. ఐగుప్తు రాజు నెకో నోట దేవుడు పంపిన మాటను యోషీయా వినలేదని అక్కడ ఉంది. "ఆంటీ, ఒక్కసారి వినలేదు, చూడండి" అంది. అప్పటిదాకా ఆ వచనాన్ని నేను పట్టించుకోలేదు. ఆ రోజు పాఠం ఆ అమ్మాయినే చెప్పమన్నాను.