టెన్షన్ ఉన్నవాళ్లకు ఊపిరితిత్తులు దేనికి?

ఒక మనిషికి ఆందోళన జబ్బు ఉందని ఫైలులో ఒకసారి ఎక్కాక, ఆ మనిషికి ఊపిరితిత్తులు, గుండె, థైరాయిడ్ లాంటివి ఇంకా ఉంచాలా వద్దా అన్నది ప్రభుత్వం వెంటనే తేల్చాలి. ఎలాగూ వాటిని ఎవరూ చూడటం లేదు.

మూడు నెలలుగా పొడిదగ్గు, రెండు మెట్లెక్కితే ఆయాసం అంటూ ఒకావిడ వస్తుంది. డాక్టరు గారు ఫైలు తిరగేస్తారు, స్టెతస్కోపు మెడలోనే ఉంటుంది. "ఎక్కువ ఆలోచించకండమ్మా." పక్కనున్న భర్త "నేనెప్పుడో చెప్పాను సార్" అంటాడు. ఇంటికెళ్తే అత్తగారు ఆ ఫోన్ చూడటం మానెయ్యమంటుంది. మూడు అభిప్రాయాలు, ఖర్చు ఒక్క ఓపీ చీటీ!

పాతకాలం వైద్యానికి ఇంత చురుకుదనం ఎక్కడిది? దగ్గు ఎనిమిది వారాలు దాటితే దీర్ఘకాలిక దగ్గంటూ ఆరాలు మొదలుపెడుతుంది. పిల్లికూతలు లేకుండా దగ్గు రూపంలోనే ఉబ్బసం ఉండొచ్చట. కడుపులోని ఆమ్లం గొంతు దాకా ఎగదన్నుతుండొచ్చట. బీపీకి వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్ మాత్రలే కారణం కావచ్చట. బాల్కనీలో పావురాల రెట్టలు కూడా అనుమానితులేనట. దగ్గు రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష చేయించమని టీబీ వాళ్ల గోల. అది సర్కారు దవాఖానాలో ఉచితం. ఊరికే వచ్చేదానికి మనం ఎలాగూ వెళ్లం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. దానివల్లా ఆయాసం వస్తుంది. అదంతా టెన్షనేనని సర్వేవాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది మాత్రల సంగతి. గుండెదడ తగ్గడానికి ఆందోళన ఉన్నవాళ్లకు ప్రొప్రనొలాల్ రాస్తుంటారు. ఉబ్బసం ఉన్నవాళ్లలో అదే మాత్ర గాలిగొట్టాలను బిగించగలదు. అంటే ఉబ్బసాన్ని టెన్షన్ అనుకుని మాత్ర ఇస్తే ఆయాసం పెరుగుతుంది, ఆయాసంతో టెన్షన్ పెరుగుతుంది, టెన్షన్ పెరిగింది కాబట్టి మొదట చెప్పిందే నిజమని రుజువవుతుంది. ఇంత పకడ్బందీ రుజువు కోర్టుల్లో కూడా దొరకదు.

నిజానికి టెన్షన్‌కు ఆ శక్తి లేదని కాదు. గబగబా గాలి పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు, పెదాల చుట్టూ తిమ్మిర్లెక్కుతాయి, గాలి చాలనట్టే ఉంటుంది. అలవాటుగా వచ్చే దగ్గయితే నిద్రపోగానే ఆగుతుంది. ఉబ్బసం దగ్గు తెల్లవారుజామున లేపి కూర్చోబెడుతుంది. గుండె బలహీనమైతే వెల్లకిలా పడుకోలేరు, కాళ్లు వాస్తాయి. కాబట్టి "నిద్రలో దగ్గుతున్నారా? ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నారు?" అన్న రెండు ప్రశ్నలతో చాలా తెలుస్తుంది. కానీ రెండు ప్రశ్నలంటే ఒక నిమిషం, బయట నలభై మంది.

అందుకే నా ప్రతిపాదన. ఆందోళన ఉన్నవాళ్లకు విడిగా ఒక కార్డు ఇవ్వాలి. అది చూపిస్తే గేటు దగ్గర వాచ్‌మనే రోగం చెప్పి పంపేస్తాడు. ఊదించి చూసే స్పైరోమెట్రీ యంత్రాలను పుట్టినరోజు బెలూన్లకు వాడుకోవచ్చు.

ఒక్క చిక్కుంది. ఉబ్బసం, ఆందోళన ఒకే మనిషిలో కలిసి ఉండటం మామూలే. అలాంటివాళ్లను ఏ లెక్కలో వెయ్యాలో తేల్చడానికి కమిటీ వెయ్యాలి. కమిటీ ముందు ఎవరూ దగ్గకూడదు. దగ్గితే టెన్షన్ పడుతున్నట్టు రాసుకుంటారు.