మసకబారితే నకిలీ సరుకేనా?

"అసలు స్టీలు, అసలు అల్యూమినియం గాలితో కలవవు. మచ్చ పడితే నకిలీ. ఇనుప పీచుతో మెరిసేదాకా రుద్దండి. అల్యూమినియం గిన్నెలో పులుసు నిల్వ ఉంచకండి." కోనసీమ నుంచి భీమవరం దాకా రొయ్యల రైతుల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ ఇది. దీన్ని నమ్మి ఏరేటర్ల (చెరువు నీటిలో గాలి కలిపే యంత్రాల) ఫ్రేములు పాడుచేసుకుంటారేమోనని నా టెన్షన్.

గాలితో కలవకపోవడం బంగారం లాంటి కొన్నిటికే చెల్లింది. అల్యూమినియం ఇనుము కంటే ఆత్రంగా ఆక్సిజన్‌తో కలుస్తుంది. గీరిన చోట సెకను తిరక్కుండా ఆక్సైడ్ పొర (లోహం, ఆక్సిజన్ కలిసిన పొర) కట్టేస్తుంది. అయితే రెండు నుంచి నాలుగు నానోమీటర్ల (నానోమీటరంటే మిల్లీమీటరులో పదిలక్షో వంతు) మందం దగ్గర దాదాపు ఆగిపోతుంది. ఎందుకు ఆగుతుందో 1940ల చివర్లో కాబ్రెరా, మాట్ అనే శాస్త్రవేత్తలు వివరించారు. లోహంలోని ఎలక్ట్రాన్లు పల్చటి పొరలోంచి దూరి పైనున్న ఆక్సిజన్‌ను చేరతాయి. దాంతో పైన రుణావేశం, కింద ధనావేశం ఏర్పడతాయి. మధ్య దూరం మరీ తక్కువ కాబట్టి విద్యుత్ క్షేత్రం బలంగా ఉండి లోహ అయాన్లను (ఆవేశమున్న లోహ పరమాణువులను) లాగుతుంది, పొర పెరుగుతుంది. మందం పెరిగేకొద్దీ ఆ లాగుడు సన్నగిల్లుతుంది. లోహమంటే చిన్న చిన్న స్ఫటికాల కూర్పు కదా, ఏ స్ఫటికం ఏ ముఖం పైకి ఉందో దాన్నిబట్టి పొర పెరిగే వేగం కూడా మారుతుంది.

ఇనుముకూ పొడిగాలిలో పల్చటి పొరే వస్తుంది. నీరు తోడైతేనే పెళుసు తుప్పు లేస్తుంది, ఉప్పు దాన్ని ఇంకా త్వరపెడుతుంది. అది లోపలి లోహాన్ని కాపాడదు.

ఇక మచ్చలు. స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడేది క్రోమియం ఆక్సైడ్ పొర, అందుకే అందులో క్రోమియం కనీసం 10.5 శాతం ఉండాలి. ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరను అక్కడక్కడ ఛేదిస్తుంది. అంతర్వేది వైపు సముద్రపు గాలిలో, ఉప్పునీటి చెరువుల్లో నిఖార్సైన 304 అనే స్టెయిన్‌లెస్ స్టీలు రకానికీ మచ్చలు, గుంటలు పడతాయి. మాలిబ్డినం అనే లోహం కలిసిన 316 రకం ఇంకొంచెం తట్టుకుంటుంది. మచ్చ చూసి దుకాణదారుణ్ణి దొంగ అనడం అన్యాయం.

ఇనుప పీచు సలహా అన్నిటికంటే చేటు. దాని రేణువులు స్టీలులో ఇరుక్కుని, అవే తుప్పు పడతాయి. మంచినీళ్లతో ఉప్పు కడిగి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు.

పులుసు మాట మాత్రం నిజమే. చింతపండు ఆమ్లం అల్యూమినియం మీది పొరను కరిగిస్తుంది, కింది లోహమూ కొంత కూరలోకి దిగుతుంది. చేపల పులుసు రాత్రికి ఉంచాలంటే మట్టి దాకలోకి మార్చుకోండి.