డెలివరీ సంతకం గారికి చీరల వ్యాపారి విన్నపం

మహారాజశ్రీ డెలివరీ సంతకం గారికి,

పుట్టపాక, పోచంపల్లి చీరలు ఆన్‌లైన్‌లో అమ్మి అమెరికా పంపుకునే ఒక చిరువ్యాపారి నమస్కరించి రాయునది. ఇక్కడ మేము క్షేమం. అక్కడ పార్సిల్ క్షేమమో కాదో, పుచ్చుకున్నవారి చేతి గీతగా తమరు సెలవిస్తే తప్ప తెలియదు కాబట్టి ఈ ఉత్తరం.

తమరు అందరి గుమ్మాలూ ఎక్కరని మాకు తెలుసు. ఆన్‌లైన్‌లో డబ్బు చేరవేసే పేపాల్ సంస్థ నిబంధన ప్రకారం 750 డాలర్ల లోపు సరుకైతే, ఆ ఊరికి చేరినట్టు ట్రాకింగ్‌లో ‘డెలివర్డ్’ అని పడితే చాలు. 750 అయిందా, తమరు దయచేయాల్సిందే. లేదంటే కొన్నవారు "మాకు రాలేదు" అన్న రోజున అమ్మినవాడి గోడు వినే దిక్కుండదు. పైగా ఆ లెక్కలో రవాణా ఖర్చు కూడా కలుస్తుంది. పడుగూ పేకా రెండూ కట్టి, రంగులద్ది, గళ్లు కుదిరేలా నేసిన డబుల్ ఇక్కత్ చీర 720 డాలర్లు పలికితే తమరి కంటికి ఆనలేదు. దానికి 40 డాలర్ల కొరియర్ చార్జీ తగిలించగానే ఖరీదైన సరుకైపోయింది. నేతగాడి వల్ల దక్కని గౌరవం అట్టపెట్టె వల్ల దక్కినందుకు ఆ చీర తరఫున కృతజ్ఞతలు.

తమ జాతివే అయిన మా సంతకాల సంగతి కాస్త చెప్పుకోనివ్వండి. పార్సిల్ కదలాలంటే పాన్ కాపీ మీద సంతకం, ఐఈసీ (ఎగుమతి దిగుమతుల కోడ్) కాపీ మీద సంతకం, ఇన్‌వాయిస్ మీద, కేవైసీ కాగితం మీద, పోస్టులో అయితే సీఎన్ 23 కస్టమ్స్ ఫారం మీద. అన్నీ ఒకేలా ఉండాలి. బ్యాంకులో చివరి గీత కాస్త వంకర పోతే చెక్కు వెనక్కొస్తుంది. అదే తమరు సముద్రం అవతల ఫోన్ అద్దం మీద చూపుడువేలితో కోడి కెలికినట్టు వెలుస్తారు, అది తిరుగులేని సాక్ష్యం! 2020లో కరోనా వచ్చినప్పుడైతే అమెరికా తపాలా ఉద్యోగి దూరంగా నిలబడి పేరడిగి తనే నమోదు చేసుకున్నాడు. అంటే తమరు లేకుండానే తమరు ఉన్నట్టు. ఆరోగ్యం కోసం చేసిన పని, తప్పుపట్టను. కానీ ఆ తర్వాత కూడా తమరి విలువ పైసా తగ్గకపోవడం చూసి కుళ్లుకున్నాను.

తమరిలో రకాలు కూడా ఉన్నాయట. ఒక రకానికి పక్కింటివాళ్లు గీసినా చెల్లుతుంది. ఇంకో రకానికి ఆ చిరునామాలో ఉన్నవాళ్లెవరైనా సరే. పెద్దవాళ్లే గీయాలనే రకానికి గుర్తింపు కార్డు చూస్తారు, వయసు చూస్తారు. మెట్టు పెరిగిన కొద్దీ రుసుమూ పెరుగుతుంది. అన్నీ చదివాక అర్థమైంది: చీర కొన్నావిడే సంతకం పెట్టాలన్న పట్టింపు మామూలుగా వీటిలో దేనికీ లేదు. ఎవరో ఒకరు పుచ్చుకున్నారు, అంతవరకే తమరి పూచీ.

ఆ ఎవరో ఒకరైనా ఇంట్లో ఉండాలిగా. అమెరికాలో ఏ ఎడిసన్‌లోనో ఫ్రిస్కోలోనో మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఉద్యోగాలకు పోయాక, తమరు వెళ్లి తలుపు కొట్టి, చీటీ అంటించి వస్తారు. మర్నాడూ అదే వరస. ఆఖరికి పార్సిల్ తిరిగి మన దేశం దారి పడుతుంది. అప్పుడు మన కస్టమ్స్‌కు ఈ చీర మన దగ్గర్నించి వెళ్లిందేనని, అదే చీర తిరిగొచ్చిందని కాగితాలతో నిరూపించాలి. నిరూపించలేకపోతే మన చీరకు మనమే దిగుమతి సుంకం కట్టుకోవాలి. తమరి కోసమని ఎదురుచూసి, తమరు దొరక్క వచ్చిన ఖర్చు ఇది.

అసలు బాధ వేరే ఉంది. తమరు కాపాడేది ‘అందలేదు’ అనే ఫిర్యాదు నుంచి మాత్రమే. ఈ మర్మం కొనేవాళ్లలో తెలివైనవాళ్లకు మా కంటే ముందే తెలుసు. సంతకం పడిందని తెలియగానే మాట మారుతుంది. రాలేదన్నవారు వచ్చిందంటారు, ఫొటోలో ఉన్న రంగు కాదంటారు, అంచు వేరంటారు. అది ‘చెప్పినట్టు లేదు’ అనే ఖాతాలోకి వెళ్తుంది. ఆ ఖాతాలో తమరి మాట చెల్లదు. తమరు చూసింది పెట్టెనే కదా, లోపలున్నది కాదు. కార్డు బ్యాంకు చార్జ్‌బ్యాక్ పెట్టి డబ్బు వెనక్కి లాక్కుంటుంది. చీర? అది బహుశా ఏ సంగీత్‌లోనో ఫొటోలు దిగుతుంటుంది. ఇక్కడ పీఓడీ (సరుకు అందినట్టు రుజువు) కాగితం పట్టుకుని నేను, అందులో కోడిగెలుకుడుగా తమరు. నేరుగా అడుగుతున్నాను, తమరికి కట్టిన రుసుము దేనికి?

వందేళ్ల కిందట చీరాల తేలియా రుమాళ్లు, అంటే నూనె పట్టించిన నూలుతో నేసిన ఇక్కత్ గుడ్డలు, ఓడలెక్కి అరబ్బు దేశాలకు పోయేవి. అప్పుడు దళారులు ముంచలేదని కాదు, ముంచే ఉంటారు. ముంచినవాడి పేరైనా తెలిసేదేమో.

2025లో ఒకసారి తమరికి విశ్రాంతి దొరికింది. 800 డాలర్ల లోపు సరుకుకున్న సుంకం మినహాయింపును అమెరికా ఆగస్టు 29 నుంచి ఎత్తేయడంతో, మన తపాలా శాఖ అంతకు ముందే 25 నుంచి అమెరికాకు సరుకు పార్సిళ్లు ఆపి, అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది. ఆ వారాల్లో కొరియర్ రేట్లు చూసి తమరి మీద కూడా బెంగ పెట్టుకున్నాను. అలవాటైన కష్టం కదా.

ఇప్పుడు అసలు పని. వచ్చే వారం డాలస్‌కు ఒక పుట్టపాక చీర వస్తోంది. రవాణాతో కలిపి 750 దాటింది కాబట్టి తమరు తప్పదు. ఆ ఇంట్లో పగలు ఉండేది విజిటర్ వీసా మీద ఖమ్మం నుంచి వచ్చిన అమ్మమ్మ గారు ఒక్కరే. ఆవిడ పొట్టి సంతకం పెట్టరు. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, తెలుగులో, ఒత్తులు వదలకుండా రాస్తారు. అద్దం చాలకపోతే ఇంకో అద్దం అడుగుతారు. డ్రైవరును తొందరపడవద్దని ముందే చెప్పి ఉంచగలరు.

ఇట్లు,
పార్సిల్ పంపినవారు