సవరణ: లాంగ్‌ఫెలో వాగులో కోహోల చావు

సియాటిల్‌లోని లాంగ్‌ఫెలో వాగు గురించి కిందటిసారి రాసినదానిలో రెండు తప్పులు దొర్లాయి. గుడ్లు పెట్టాక సాల్మన్ చేపలు చనిపోవడం సహజమేననీ, వాలంటీర్లు ఆ కళేబరాలను లెక్కపెడతారనీ అన్నాను. పసిఫిక్ సాల్మన్ల తీరు అదే. అయితే ఈ వాగులో కోహో అనే రకం సాల్మన్లు చాలావరకు గుడ్లు పెట్టకముందే చనిపోతున్నాయి. అందుకే వాలంటీర్లు లెక్కతో ఆగరు. చచ్చిన ఆడచేప పొట్ట కోసి చూస్తారు. లోపల నారింజ రంగు గుడ్లు నిండుగా ఉంటే, అంత దూరం ఈదివచ్చిన శ్రమంతా వృథా అయినట్టే. వారి పనిని ఉత్త శవాల లెక్కగా తేల్చేయడం నా తొందరపాటు.

రెండోది, ఈ చావులకు కారణం. కార్ల నుంచి కారే నూనె, లోహాలు అని రాశాను. ఒకప్పుడు అనుమానం వాటి మీదే ఉండేది. 2020 డిసెంబరులో వెలువడిన పరిశోధన అసలు దోషిని పట్టుకుంది: 6పీపీడీ-క్వినోన్ అనే రసాయనం. టైరు రబ్బరు పగుళ్లివ్వకుండా కలిపే 6పీపీడీ గాలిలోని ఓజోన్‌తో చర్య జరిపి ఇలా మారుతుంది. వాన దాన్ని వాగులో కలుపుతుంది. చమ్ అనే మరో రకం సాల్మన్లు దీన్ని తట్టుకుంటాయి. కాబట్టి నేను ‘సాల్మన్లన్నీ’ అన్నచోట ‘కోహోలు’ అని చదువుకోండి.