పునుకుల పాఠంలో సగమే నేర్చుకున్నాం

పల్లెలో "మందు" అనే మాటకు అర్థం సందర్భాన్ని బట్టి మారుతుంది. జ్వరానికి మింగేదీ మందే, పత్తి మీద కొట్టేదీ మందే, అప్పు తీరే దారి కనిపించని రైతు తాగేదీ ఆ డబ్బాలోని మందే. ఒకే ఇంట్లో జరిగే ఈ మూడింటినీ ప్రభుత్వం మాత్రం మూడు వేర్వేరు శాఖల దస్త్రాల్లో రాసుకుంటుంది. సన్నకారు రైతుల కోసం తెచ్చిన పథకాలు రైతు ఒంటిదాకా వెళ్లకుండా పొలం గట్టు మీదే ఆగిపోవడానికి ఈ విభజనే ప్రధాన కారణమని నా అభిప్రాయం.

ఉమ్మడి ఖమ్మం జిల్లా పాల్వంచ మండలంలోని పునుకుల దీనికి భిన్నంగా నడిచింది. పత్తి, మిర్చి పండించే ఆ ఊళ్లో మందుల దుకాణదారే అప్పిచ్చేవాడు, పంట చేతికొచ్చాక కొనేదీ అతనే. కాబట్టి పురుగు పెరిగిన కొద్దీ అప్పూ పెరిగేది. 1999 ప్రాంతంలో స్వచ్ఛంద సంస్థల తోడ్పాటుతో కొందరు రైతులు పురుగుమందులు లేని సాగు మొదలుపెట్టారు. 2004 నాటికి ఊరు మొత్తం పురుగుమందులను మానేసినట్లు ప్రకటించుకుంది. ఆ పద్ధతుల్లో వింతేమీ లేదు. అయిదు కిలోల వేపగింజల పొడిని గుడ్డలో మూటకట్టి రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే పిండి, వంద లీటర్లకు నీళ్లు కలిపి పిచికారీ చేస్తారు. పత్తి చుట్టూ పురుగును తనవైపు లాగే ఎర పంటగా ఆముదం వేస్తారు, రసం పీల్చే పురుగులకు జిగురు పూసిన పసుపు పళ్లాలు పెడతారు. అంగడిలో కొనాల్సింది తక్కువ, ఇంటిల్లిపాదీ చేయాల్సిన చాకిరీ ఎక్కువ. ఈ చాకిరీ సంగతి ప్రచార కరపత్రాల్లో అంతగా కనిపించదు.

పునుకులలో మార్పును గట్టిగా పట్టుకున్నది మహిళా సంఘాలు. పత్తి తీసేదీ, కలుపు తీసేదీ ఆడవాళ్లే. నిన్న మందు కొట్టిన చేలో ఇవాళ ఒంగి పనిచేస్తే వచ్చే తలనొప్పీ, వాంతులూ, కళ్లు తిరగడమూ వాళ్లకు తెలుసు. ఆసుపత్రి ఖర్చు ఎవరి పుస్తెలు తాకట్టు పెడితే వస్తుందో కూడా తెలుసు. అందుకే వాళ్ల దృష్టిలో పురుగుమందు మానడమంటే సాగు, అప్పు, ఆరోగ్యం మూడూ కలిసిన ఒకే నిర్ణయం.

ఆ తర్వాత గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, అంటే సెర్ప్, 2004-05 నుంచి ఈ సాగును మహిళా సంఘాల ద్వారానే రాష్ట్రమంతా విస్తరించింది. విభజనానంతర ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయం పేరుతో ఆ దారిలోనే సాగుతోంది. విస్తరణ నిజమే, కానీ ఎన్ని ఎకరాలు, ఎకరాకు ఎంత ఖర్చు తగ్గింది అన్న లెక్కలకు దొరికిన ప్రాధాన్యం రైతుల ఒంటి లెక్కకు దొరకలేదు. ఆర్గానోఫాస్ఫరస్ అనే రకం పురుగుమందుల ప్రభావం రక్తంలోని కోలినెస్టరేజ్ అనే ఎంజైము స్థాయి చూస్తే తెలుస్తుంది. స్ప్రే చేసే కూలీలకు సీజనుకు ముందొకసారి, తర్వాతొకసారి ఆ పరీక్ష చేయించడం ఏ జిల్లా యంత్రాంగానికీ తలకు మించిన పని కాదు. బీపీ, షుగర్ వివరాల కోసం ఇంటింటికీ వెళ్లే ఆశా కార్యకర్త "ఈ వారం మందు కొట్టారా?" అని అడిగి రాసుకున్నా చాలు, తలనొప్పి మాత్ర ఇచ్చి పంపేసే కేసుల్లో కొన్నింటి మూలం బయటపడుతుంది.

ఇక కౌలు రైతు విషయం మరీ క్లిష్టం. పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి కలిపి చేసే ఘనజీవామృతం అనే ఎరువు వేసి నేలను బాగుచేసుకుంటే ఫలితం స్థిరంగా కనిపించడానికి కొన్నేళ్లు పడుతుంది. అతని చేతిలో ఉన్నది ఏడాది కౌలు, అదీ నోటి మాట మీద. వచ్చే ఏడు ఆ చేను ఎవరికి పోతుందో తెలియనివాడు, బ్యాంకు గడప ఎక్కే కాగితం లేనివాడు, అప్పు కోసం మళ్లీ వెళ్లేది ఆ మందుల దుకాణానికే. దుకాణదారు ఇచ్చే అప్పులో డబ్బు తక్కువ, డబ్బాలు ఎక్కువ.