సవరణ: రోజుకు సెంటీమీటరు కాదు, మిల్లీమీటరు

పొడుగు పెరగడానికి చేయించుకున్న నా కాళ్ల ఆపరేషన్ గురించి రాసిన పోస్టులో "రోజుకు సెంటీమీటరు చొప్పున సాగదీశారు, మూడు నెలల్లో మామూలుగా నడిచేశాను" అన్నాను. రెండూ తప్పే.

సాగదీసేది రోజుకు దాదాపు 1 మిల్లీమీటరు. అదీ ఒక్కసారి కాదు, పావు మిల్లీమీటరు చొప్పున నాలుగుసార్లు. ఎముకను కోసి, మెల్లగా ఎడం చేస్తూ పోతే ఆ సందులో కొత్త ఎముక పుడుతుంది. సైబీరియాలోని కుర్గాన్‌లో ఇలిజరోవ్ అనే డాక్టరు 1950ల్లో విరిగిన కాళ్లకోసం మొదలుపెట్టిన పద్ధతి. నాలాంటి సోకు కోసం కాదు. రోజుకు సెంటీమీటరు లాగితే నరాలు, రక్తనాళాలు తట్టుకోవు.

నాకు పెరిగింది 6 సెంటీమీటర్లు. సాగదీతకే రెండు నెలలు. లేత ఎముక గట్టిపడి, కర్ర వదిలేసరికి ఏడాది దగ్గరపడింది. మూడో నెలలో నడిచింది వాకర్‌తో, మంచం నుంచి గుమ్మం దాకా. దాన్నే "మామూలు" అని రాసేశాను, గొప్పకి.

రాయకుండా దాచింది ఇంకోటి ఉంది. ఎముక సాగినంత సులువుగా పిక్క కండరం, మడమ వెనక పట్టీలాంటి స్నాయువు సాగవు. నాలుగేళ్లయినా గొంతుక్కూర్చోలేను. మొన్న పర్లాకిమిడిలో మేనకోడలి పెళ్లికి అందరూ పంక్తిలో కూర్చుంటే నాకు గోడవార కుర్చీ వేశారు. "పొడుగైతే అయ్యావు గానీ, నేలకి దూరమైపోయావురా" అంది పెద్దమ్మ.

బరంపురం నుంచి ఒక కుర్రాడు "వేసవి సెలవుల్లో అయిపోతుంది కదన్నా?" అని అడిగాడు. అవదు తమ్ముడూ. పాత పోస్టు తీసెయ్యలేదు, తప్పులున్న చోటే దిద్దాను.